పది సెకన్ల మౌనం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం గాలిలో ఇకపై రొద అనేది ఉండబోదని మూడూళ్ల రేడియో పాలకమండలి అధ్యక్షులు దొరస్వామి గారు సోమవారం ఉదయం ప్రకటించారు. ప్రకటన మధ్యలో మైకు కీచుమంది. ఆయన పెద్దమనసుతో దాన్ని క్షమించి, మొదటి నుంచి మళ్లీ ప్రకటించారు.

ఊరికే చేసిన ప్రకటన కాదది. మదనపల్లెలో రేడియో స్టేషన్ టమాటా మార్కెట్ యార్డుకు ఆనుకుని ఉంది. పొద్దున ఆరున్నరకు ధరలు చదివేటప్పుడు సరిగ్గా అంకె దగ్గరే లారీ హారన్ పడేది. కలకడ నుంచి గంగులప్ప అనే రైతు వారం వారం కార్డు రాసేవాడు. "అమ్మా, బాక్సు మూడు వందల ఎంతో అన్నారు. ఆ ఎంతోని లారీ ఎత్తుకపాయ. ఇప్పుడు కాయ కోయాల్నా, వద్దా?"

ఆ కార్డులన్నీ, ధరలు కూడా తానే చదివే సౌండ్ ఇంజనీరు రేవతి దాచిపెట్టింది. ఆమె పెద్దపంజాణి దగ్గర గొర్రెలు మేపే రామప్ప కూతురు. ఆ ఇంటికి డిగ్రీ పట్టా అంటూ వచ్చింది ఆమెతోనే. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు, నెలాఖరుకు గడువు తీరుతుంది. రొద తీసేసే కొత్త మిషన్ పనితీరు మీద ఆమె రాసే నాణ్యత నివేదికకు అధ్యక్షుల వారి సంతకం పడితేనే ఇంకో ఏడాది.

మిషన్ బెంగళూరు నుంచి వచ్చింది. టెంకాయ కొట్టారు, బొట్లు పెట్టారు. గాలి ఆడే సందుల్లో కుంకుమ పడకుండా రేవతి చెయ్యి అడ్డం పెట్టింది.

"సార్, రొద అంటే ఏదో దీనికి ముందు మనం చూపించాల," అంది. "ఈ బటన్ నొక్కి పది సెకన్లు ఎవురూ మాట్లాడకూడదు. ఆ పది సెకన్లలో మైకులో ఏం పడితే అది రొద అని నేర్చుకుంటాది. ఇంక దాన్ని ప్రసారంలోకి రానీదు."

"పది సెకన్లేనా? పదేండ్లు పదవి లేకుండా ఉండినోన్నమ్మా నేను," అని దొరస్వామి గారు బటన్ నొక్కారు.

ఒక సెకను. రెండు. బయట లారీ హారన్ కొట్టింది. మూడో సెకనుకు ఆయన మండలి సభ్యుల వైపు తిరిగారు.

"ఎవురూ మాట్లాడగాకండి. మౌనం ఎంత గొప్పదో నాకు తెలుసు. మన ప్రాంతం ఎనకబడిందంటే యాల? మాట్లాడేవాళ్లు ఎక్కువైపోయినారు..."

పచ్చదీపం వెలిగింది. మిషన్ నేర్చుకుంది. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

"సార్, ఇంకొక్క తూరి చేద్దామా?" అంది రేవతి.

స్టేషన్ డైరెక్టర్ భీమరావు గారు ఆమెను పక్కకు పిలిచారు. "ఒకసారి ప్రారంభించినాక మళ్లీ ప్రారంభిస్తే, మొదటిది సరిగా ప్రారంభం కాలేదని అర్థం రాదామ్మా?"

అర్థం రాకుండా ఉండేందుకు ఆ సాయంత్రమే మిషన్‌ను అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. పెట్టె మీద దొరస్వామి గారి ఫోటో అతికించారు. తాళంచెవి ఆయన మొలతాడుకు చేరింది.

మర్నాడు ఆరున్నరకు రేవతి ధరలు చదివింది. అంకెలు గంట కొట్టినట్టు వినపడ్డాయి. యార్డులో లారీలు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. ఏడింటికి 'అధ్యక్షుల మాట' మొదలైంది. అరగంట పాటు కాగితం తిప్పిన చప్పుడు, మూడుసార్లు గుటక వేసిన చప్పుడు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు చాలా స్పష్టంగా ప్రసారమయ్యాయి.

రేవతి భీమరావు గారి గదికి పరుగెత్తింది.

"సార్, అధ్యక్షుల గొంతు యాడా రాలేదు."

"ఎవరన్నా కంప్లైంట్ ఇచ్చినారా?"

"లేదు సార్."

"మరి నువ్వెందుకు ఇస్తాండావు?"

ఆ వారం కార్డులు వచ్చాయి. గంగులప్ప రాశాడు: "ఇప్పుడు రేడియో మేలుగా ఉండాది. రేటు తెలస్తాండాది. ఏడు గంటల కార్యక్రమం మరీ మేలు. మా ఆవిడ కూడా కూసోని వింటాండాది."

ఇరవై ఎనిమిదో తేదీన కుప్పంలో బహిరంగ సభ. దొరస్వామి గారు గంటన్నర మాట్లాడారు. ప్రత్యక్ష ప్రసారం. పుంగనూరు బస్టాండు టీ అంగట్లో జనం రేడియో చుట్టూ చేరారు. ఒక కుర్చీ కిర్రుమంది. కాకి అరిచింది. చప్పట్లు. ముందు వరసలో ఎవరో, "ఈయన ఎప్పుడు ముగిస్తాడప్పా, నా బస్సు ఎలబారతాండాది" అన్నారు. మళ్లీ చప్పట్లు.

"క్వాలిటీ ఉండాదప్పా," అన్నాడు టీ అంగడాయన. "కుప్పంలో కూసున్నట్టే ఉండాది."

నివేదిక రాసే ముందు రేవతి నాయనకు ఫోన్ చేసింది. రామప్ప అంతా విన్నాడు.

"జబ్బు గొర్రెను మేలుగా ఉండాదని అమ్మితే, ఆ సంతకు మళ్లీ పోలేమమ్మా. ఉండేది రాయి."

ఆమె ఉండేది రాసింది. రెండో పేజీ, నాలుగో అంశం: "అధ్యక్షుల వారి గొంతును యంత్రం రొదగా గుర్తించి పూర్తిగా తొలగించుచున్నది. మిగతా ప్రసారం అత్యంత నాణ్యముగా నున్నది."

ముప్పయ్యో తేదీన ఆ కాగితాలు, కుప్పం రికార్డింగు పట్టుకుని దొరస్వామి గారి ఇంటికి వెళ్లింది.

"ముందు రికార్డింగు పెట్టమ్మా."

పెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నారు. కుర్చీ కిర్రుమంది. ఆయన పెదవులు కదిలాయి. కాకి అరిచింది. "ఈడ రైతుల గురించి సెప్పినా," అన్నారు. చప్పట్లు. ఆయన తల పంకించారు. బస్సు మాట కూడా వచ్చింది. కళ్లు తెరవకుండానే, "జనంలో ఉత్సాహం సూడు," అన్నారు.

ఆయన భార్య పుష్పావతమ్మ కాఫీ తెచ్చింది. "ఏందది?"

"నా ప్రసంగం."

ఆమె గుమ్మానికి ఆనుకుని కాసేపు విన్నది. "బాగుండాదే," అని లోపలికి పోయింది.

ఆఖరి చప్పట్లు అయ్యాక ఆయన కళ్లు తెరిచారు. కొసల్లో తడి ఉంది. "ఒక్క మాట పోలేదమ్మా. కాగితం ఇట్టియ్యి."

రేవతి ఇవ్వలేదు. "సార్, రెండో పేజీలో మీ గొంతు గురించి రాసినాను. చదివి సంతకం పెట్టండి."

"నా గొంతు గురించి నేను చదవాల్నా? ఇప్పుడే వింటి కదా."

ఆయన కాగితాలు లాక్కుని, నాలుగో అంశం కింద ఖాళీ బాగా ఉందని అక్కడే సంతకం పెట్టి, తేదీ వేశారు. కింద మండలి ముద్ర కూడా కొట్టారు.

మర్నాడు ఏడింటికి, రేవతికి ఇంకో ఏడాది పొడిగించిన సంగతి, మూడూళ్ల గాలి శుద్ధి అయిన సంగతి దొరస్వామి గారు స్వయంగా శ్రోతలకు తెలియజేశారు. కాగితం తిరిగింది. గుటక పడింది. గ్లాసు బల్ల మీద ఆనింది.

కలకడలో గంగులప్ప వాల్యూమ్ ఇంకొంచెం పెంచాడు.