మంత్రిగారి కుక్క చిక్కిపోయింది

"తన ఇంటి కుక్కనే ఆరోగ్యంగా ఉంచలేనివాడు ప్రజల్నేం ఉంచుతాడు?" అని పశుసంవర్ధక శాఖ మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో ప్రశ్నించారు. ఇంత లోతైన ప్రశ్న ఆ శాఖ పుట్టాక ఎవరూ వెయ్యలేదు. ప్రతి పెంపుడు కుక్కకూ ఆరోగ్యం, భద్రత, క్రమశిక్షణ కల్పించే మహా పథకాన్ని ఆయన అక్కడికక్కడే ప్రకటించి, ఆదర్శం తన ఇంటి నుంచే మొదలవుతుందని చెప్పి, తన లాబ్రడార్‌ను వేదిక మీదికి పిలిచారు. ఆదర్శం మొదటి మెట్టు దగ్గరే కూలబడి ఆయాసపడింది. చివరికి ఇద్దరు గన్‌మెన్లు దాన్ని సిమెంటు బస్తాలా పైకెత్తారు. మర్నాడు పేపర్లు "మూగజీవిని మోసిన మంత్రి" అని రాశాయి. మోసింది గన్‌మెన్లే అయినా, ఆ గన్‌మెన్లు ఎవరివాళ్లు?

ఆ మధ్యాహ్నమే పశువుల డాక్టరుకి బంగళా నుంచి పిలుపొచ్చింది. డాక్టరు మంచివాడు. హస్తవాసి ఉన్నవాడు. రెండూ ఉన్నా ట్రాన్స్‌ఫర్ మాత్రం దొరకనివాడు. భార్య దూరాన వేరే ఊళ్లో టీచరు. పాప పుట్టాక అతను సొంత ఇంటికి చుట్టంచూపుగా వెళ్లిరావడమే తప్ప కాపురం లేదు. "పాప ఫోన్‌నే నాన్నా అని పిలుస్తోందండీ," అని భార్య చెప్పినప్పుడు నవ్వేశాడు గాని, ఆ పూట అతనికి తిండి సయించలేదు.

పీఏ గేటు దగ్గరే ఎదురొచ్చి రూలు చెప్పాడు. "ఇక్కడ కుక్కని కుక్క అనకూడదు డాక్టర్ గారూ. చిన్నసారు అనాలి."

"చిన్నసారుకి ఏం పెడుతున్నారండీ?"

"మేమేం పెట్టం. అంతా ప్రజలే." పీఏ గొంతు తగ్గించాడు. "పథకం ర్యాలీలో చిన్నసారు పెద్దసారు పక్కన పరిగెత్తాలి. చిన్నసారుని సన్నబరచండి, మీ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు మీ చేతిలో ఉంటుంది."

ప్రజలు ఏం పెడుతున్నారో మర్నాడు హాల్లో కనబడింది. పనుల మీద వచ్చినవాళ్లు వరసగా కూర్చున్నారు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో బిస్కెట్ ప్యాకెట్. మంత్రిగారు లంచం ముట్టని మనిషి. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పారు. అందుకని వచ్చినవాళ్లు ముందు చిన్నసారుకి ఏదో ఒకటి పెట్టేవారు. చిన్నసారు తింటే మంత్రిగారు కళ్లజోడు సవరించుకుని, "ఊఁ, ఏం పని మీద వచ్చారు?" అనేవారు. తినకపోతే వచ్చే వారం కనబడమనాలని ఏర్పాటు. కానీ తినకపోవడమన్నది ఆ కుక్క చరిత్రలో లేదు. బీదవాడి ఎండిన రొట్టెముక్కనీ, కంట్రాక్టరు జీడిపప్పు కేకునీ ఒకే మర్యాదతో మింగేది. ఆ శాఖలో సమానత్వం అమలైంది అక్కడొక్కచోటే.

ఇంతలో ఒకాయన చాక్లెట్టు తీశాడు. డాక్టరు చటుక్కున లాక్కున్నాడు. "ఇది కుక్కలకి విషమండీ."

హాలంతా బిగుసుకుపోయింది. విషమన్నందుకు కాదు. పీఏ దగ్గాడు.

"చిన్నసార్లకి," అని డాక్టరు దిద్దుకున్నాడు.

ఆ సాయంత్రం అతను "చిన్నసారుకి ఏమీ పెట్టరాదు" అని గోడకి బోర్డు తగిలించాడు. వచ్చినవాళ్లు దాన్ని శ్రద్ధగా చదివి, రేటు పెరిగిందని అర్థం చేసుకుని, మర్నాడు రెట్టింపు సైజు ప్యాకెట్లు తెచ్చారు.

ఇక మనుషుల్ని మార్చడం బ్రహ్మతరం కాదనుకుని డాక్టరు కుక్కను మార్చడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో బిస్కెట్ ఎరచూపి, అది మూతి చాపగానే గుప్పిట మూసి "వద్దు" అనేవాడు. అది మొహం తిప్పుకున్నాక రెండో చేత్తో కొలిచిన తిండి పెట్టేవాడు. పొద్దున్నే నడిపించేవాడు, గోళ్లు కత్తిరించేవాడు, పళ్లు తోమేవాడు. కొట్టలేదు, కసరలేదు. ఈ శిక్షణంతా పెరట్లోనే, హాల్లో ప్యాకెట్లు చిన్నసారు పేరు చెప్పి పీఏ అందుకునేవాడు. కొన్ని వారాలకి కుక్క డాక్టరు చేతిది తప్ప పరాయి చేతిది వాసనైనా చూడడం మానేసింది. మనుషుల మీదికి దూకడం మానింది. పిలిస్తే వచ్చేది, ఉండమంటే ఉండేది. మంత్రిగారి అనుచరుల్లో ఇవన్నీ వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఒకరోజు అది మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేసి, పైనుంచి డాక్టరు వైపు చూసి తోకాడించింది. డాక్టరుకి కళ్లు చెమర్చాయి. ట్రాన్స్‌ఫర్ గుర్తొచ్చి కాదు, నిజంగానే సంతోషమేసింది. ట్రాన్స్‌ఫర్ ఆ తర్వాత గుర్తొచ్చింది.

హాల్లో కూర్చున్న కంట్రాక్టరు మాత్రం చాన్నాళ్లకి కనబడ్డ కుక్కని ఎగాదిగా చూసి పక్కవాడి చెవి కొరికాడు.

"చిన్నసారు చిక్కిపోయాడు, గమనించావా?"

"ఎందుకంటావ్?"

"ఎందుకేమిటి, పెట్టేవాళ్లు తగ్గారన్నమాట. తగ్గారంటే పెద్దసారు పని అయిపోయిందన్నమాట. నాకు ముందే తెలుసు."

అతనికి ముందేమీ తెలియదు. అయినా ఆ మాట గేటు దాటింది. ఆ వారమే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. పేపర్లు "మంత్రి పదవికి ఎసరు?" అని రాశాయి. తర్వాత ప్రశ్నార్థకం తీసేసి అదే వార్త మళ్లీ వేశాయి.

మంత్రిగారు డాక్టర్ని పిలిపించారు. "ఏంటయ్యా డాక్టరూ, నన్ను నిలువునా ముంచుతావా?"

"చిన్నసారు ఇప్పుడే ఆరోగ్యంగా ఉన్నాడు సార్."

"వాడి సంగతి సరే, నా సంగతేంటి? ర్యాలీ లేదు గీలీ లేదు, వెంటనే లావెక్కించు. వాడు లావెక్కితేనే నీ ట్రాన్స్‌ఫర్."

"గుండె తట్టుకోదు సార్."

"ఎవరి గుండె?" అన్నారు మంత్రిగారు.

డాక్టరు లావెక్కించనన్నాడు. ట్రాన్స్‌ఫర్ నీళ్లలో కలిసిందని తెలిసే అన్నాడు. మంత్రిగారు అతన్ని పక్కకి నెట్టి, వదంతుల్ని తిప్పికొట్టడానికి ఫోటోగ్రాఫర్లను పిలిపించారు. వాళ్లందరి ముందూ జీడిపప్పు బిస్కెట్ తీసి స్వహస్తాలతో చిన్నసారు మూతి దగ్గర పెట్టారు.

"సార్, ఒక్క మాట..." అన్నాడు డాక్టరు.

"నువ్వు నోర్ముయ్."

చిన్నసారు బిస్కెట్ వైపు చూసి, మంత్రిగారి వైపు చూసి, ఎంతో క్రమశిక్షణతో మొహం అటు తిప్పుకున్నాడు. ఆ ఫోటో అన్ని పేపర్లూ మొదటి పేజీలో వేశాయి. సొంత కుక్క విశ్వాసం కూడా కోల్పోయినవాణ్ణి మంత్రివర్గంలో ఉంచుకోవడం పద్ధతి కాదని పైవాళ్లు ఆయన్ని తప్పించారు.

పాత మంత్రిగారు బంగళా ఖాళీ చేస్తూ ఆ కుక్క మొహం చూడనన్నారు. కొత్త మంత్రిగారు ముచ్చటపడి ఉంచేసుకున్నారు. "గాలి ఎటు వీస్తుందో అందరికంటే ముందు పసిగట్టింది. మన పార్టీలో ఇంత తెలివి ఎవరికుంది?" అన్నారు. హాలు మళ్లీ నిండింది. ప్యాకెట్లూ వచ్చాయి. చిన్నసారు మాత్రం ఎవరు పెట్టినా మొహం తిప్పుకోవడం వల్ల ఒక్క పనీ కదలక శాఖ స్తంభించిపోయింది.

"ఇంతకీ ఎవరి చేతిదైతే తింటాడు?" అని కొత్త మంత్రిగారు అడిగారు. పీఏ చెప్పాడు. మంత్రులు మారినా పీఏ మారడు గనక ఆ శాఖలో జ్ఞానం నిలబడుతూ వస్తోంది.

డాక్టరు రాగానే కొత్త మంత్రిగారు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు మీద సంతకం చేసి చేతిలో పెట్టారు. "నువ్వు ఎప్పుడైనా వెళ్లొచ్చు. వెళ్లేదాకా ఈ హాల్లో ఓ కుర్చీ వేసుకో."

డాక్టరు ఆర్డరు జేబులో పెట్టుకుని, ఒక్క పూటకే కదా అని కూర్చున్నాడు. ముందు వరసలోని ముసలాయన ప్యాకెట్ అతని చేతిలో పెట్టాడు. "తమ చేత్తో ఒక్క ముక్క పెట్టండి బాబూ." డాక్టరు గోరంత ముక్క తుంచి పెట్టాడు. చిన్నసారు తిన్నాడు. ముసలాయన పని అయిపోయింది. వచ్చిన ఒక్కో మనిషి తరఫున కుక్కకి గోరంత ముక్కే పెట్టడం, అంత మేరా దాని రోజువారీ తిండిలో తగ్గించడం, మిగిలిన ప్యాకెట్ తన కుర్చీ పక్కన పెట్టుకోవడం డాక్టరు పద్ధతి. ఆరోగ్య సూత్రం ఎక్కడా తప్పలేదు. చిన్నసారు నడుము నడుములాగే ఉంది. కుర్చీ పక్కన ప్యాకెట్లే పెరిగాయి. అతను వస్తే హాలంతా లేచి నిలబడుతోంది. కంట్రాక్టరు కారు డోరు తీస్తున్నాడు. ఆ కారు కూడా కంట్రాక్టరుదే.

"ఆర్డరు వచ్చిందన్నారు కదండీ, ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అని భార్య ఫోన్ చేసింది.

"ఈ వారం కుదరదు."

"పోయిన వారమూ అదే అన్నారు."

"ఇక్కడ నేను లేకపోతే పనులన్నీ ఆగిపోతాయి. నీకు చెప్పినా అర్థం కాదు," అని ఫోన్ పెట్టేసి, అతను తర్వాతి మనిషిని రమ్మని వేలుతో సైగ చేశాడు.

వచ్చింది పాత మంత్రిగారు. చేతిలో ప్యాకెట్ ఉంది.

"డాక్టర్ గారూ," అన్నారాయన వంగి. "మా అల్లుడు కూడా పశువుల డాక్టరే. కొత్తాయన రాగానే మారుమూలకి తోసేశారు. అమ్మాయి ఇక్కడ, అతనక్కడ. పసివాడు తండ్రి మొహం మర్చిపోతున్నాడు. తమరు దయచేసి ఒక్క ముక్క..."

డాక్టరు ప్యాకెట్ అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు.

"చిన్నసారు ఈ రకం ముట్టుకోడండీ. వచ్చే వారం కనబడండి."