వైన్ కొనడానికి నాలుక దేనికి?

మంచి వైన్ ఎంచుకోవడానికి మనిషికి కళ్ళుండాలి, చేతిలో ఫోనుండాలి, ఫోన్లో చార్జింగ్ ఉండాలి. నాలుక మాత్రం అక్కర్లేదు. ఉంటే ఇబ్బంది కూడా!

ఈ మాట అనగానే కొందరు పాఠకులు నొసలు ముడుస్తారని తెలుసు. "రుచి చూడకుండా బాగుందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అని అడుగుతారు. పాతకాలం మనుషులు. మరి ఎక్స్‌పర్టులు ఎందుకున్నారు? రేటింగులు ఎందుకున్నాయి? మన తరఫున వాళ్ళే తాగి, మన తరఫున వాళ్ళే మెచ్చుకుని, ఎంత మెచ్చుకోవాలో పాయింట్ తర్వాత ఒక అంకెతో సహా చెబుతుంటే, ఇంకా మనం నోరు నొప్పి చేసుకోవడం దేనికి? డిసెంబర్ నెలలో ఈ సేవ ఎంత గొప్పదో తెలియాలంటే నాంపల్లి సామ్ సుందర్ గారి సంగతి వినాలి.

సామ్ సుందర్ గారు గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, రెండో అంతస్తులో ఇల్లు. భార్య రత్నమణి పుట్టిల్లు మెదక్. ఇరవై ఏడేళ్ళుగా క్రిస్మస్ మధ్యాహ్నం రెండు వైపుల బంధువులూ భోజనానికి వచ్చేది ఆ ఇంటికే. ఆ భోజనంలోకి వైన్ చేసేది కూడా రత్నమణే.

నవంబర్ చివర్లో మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి వెళ్ళి నల్ల ద్రాక్ష తెచ్చేది. చక్కెర, లవంగాలు, దాల్చినచెక్క, గుప్పెడు గోధుమలు వేసి, పింగాణీ జాడీకి గుడ్డ కట్టి మంచం కింద పెట్టేది. రోజూ పొద్దున్నే చెక్క గరిటెతో ఒక్కసారి తిప్పే హక్కు ఆమెది. మిగతావాళ్ళు ఆ మంచం మీద గట్టిగా కూర్చోవడానికి కూడా వీల్లేదు.

ఎక్స్‌పర్టుల కళ్ళతో చూడండి, ఈ వైన్‌కి ఎన్ని లోపాలో! పేరు లేదు. ఊరు లేదు. సంవత్సరం లేదు. లేబుల్ అసలే లేదు. ఉన్నదల్లా రుచి. దాన్ని ఫోటో తీసి ఎవరికి పంపుకుంటాం?

ఈ లోపాలన్నీ మొదట కనిపెట్టినవాడు రత్నమణి సొంత తమ్ముడు జార్జి. కొండాపూర్‌లో ఉంటాడు, అక్కడే ఏదో కంపెనీలో మేనేజరు. రెండేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు ఉద్యోగుల వికాసం కోసం రెండు గంటల వైన్ క్లాసు పెట్టించారు. అప్పట్నుంచి జార్జి వైన్ తాగడం మానేశాడు. ఎక్స్‌పీరియెన్స్ చేస్తున్నాడు.

పోయిన క్రిస్మస్‌కి అక్క చేసిన వైన్ ఒక గుటక తాగి, గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, "జ్యూస్ బాగుందక్కా" అన్నాడు. అందరూ నవ్వారు. సామ్ సుందర్ గారు కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లోనే జార్జి అసలు సంగతి చెప్పేశాడు.

"బావా, వచ్చే ఏడు నుంచి మా ఇంట్లో పెట్టుకుందాం. మీ సందులో పార్కింగ్ లేదు, ఇల్లా ఇరుకు. వైన్ సెలెక్షన్ కూడా నేనే చూసుకుంటా."

అందరూ వెళ్ళాక గిన్నెలు కడుగుతూ రత్నమణి ఒక్క మాట అంది. "ఇరవై ఏడేండ్లు వండి పెట్టిన. ఇగ పండుగ నాడు నేను సుట్టం లెక్క పోయి కూసుంటనా?"

సామ్ సుందర్ గారికి ఆ మాట ఏడాదంతా చెవిలో మోగుతూనే ఉంది. ఈ ఒక్క ఏడాదికీ నాంపల్లిలోనే కానిద్దామని జార్జిని ఒప్పించాడు గానీ, పార్కింగ్ ఆయన చేతిలో లేదు. గోడలు జరపలేడు. మిగిలింది వైన్. జార్జి నోరు మూయించే వైన్ ఒకటి కొనుక్కొస్తే పండుగ నాంపల్లి దాటిపోదని ఆయన లెక్క. అందుకని ఈ నవంబర్‌లో భార్యతో, "ఈసారి నువ్వు శ్రమపడకు, మంచి వైన్ కొందాం" అన్నాడు. మంచి అనే మాట ఆమెకు ఎక్కడ తగులుతుందో ఆయనకు తోచలేదు. ఆమె జాడీ కడిగి, ఉసిరికాయ పచ్చడి పెట్టింది.

ముందు నాంపల్లిలోనే వెతికాడు. 'వైన్స్' అని నిలువెత్తు బోర్డున్న దుకాణంలో వెంకటేశం అనే ఆయన ఇనుప జాలీ వెనక కూర్చుని ఉన్నాడు. మంచి వైన్ కావాలని అడిగితే, మందుల షాపులో మల్లెపూలు అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"వైనా? గీడ విస్కీ ఉన్నది, బ్రాందీ ఉన్నది, బీరున్నది. వైన్ తాగెటోల్లు గీడికి రారు సార్. ఒక్క సీసా ఉండె. దవాఖానల ఉన్న వాల్లమ్మకని ఎవలో కొంటవోయిన్రు."

"మరి బోర్డు మీద రాశారు కదయ్యా?"

"బోర్డు పాతది సార్. జర పక్కకు జరుగుండ్రి, ఎన్క గిరాకీ ఉన్నది."

దాంతో ఆబిడ్స్ వెళ్ళాడు. అక్కడ కొత్తగా ఒక ఏసీ దుకాణం వెలిసింది. సీసాలన్నీ పసిపిల్లల్లా పడుకోబెట్టి ఉన్నాయి. నల్ల ఏప్రన్ కట్టుకున్న శశికిరణ్ అనే కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడి, "ఏ ఫుడ్‌తో సర్వ్ చేస్తున్నారు సార్?" అని అడిగాడు.

"మటన్ బిర్యానీ, దాల్చా, బగారా బైంగన్, గోంగూర మాంసం."

శశికిరణ్ మొహంలో రంగు మారింది. "గోంగూరకి ఏ వైనూ సెట్ కాదు సార్. ఎసిడిటీ క్లాష్ అవుతుంది. గోంగూర తీసేయండి."

చూశారా పాఠకులారా, నిపుణుల వల్ల ఎంత మేలో! తరతరాలుగా మనం గోంగూర తింటున్నాం. అది తప్పని ఒక్కరైనా చెప్పారా?

సామ్ సుందర్ గారు గోంగూర విషయం ఇంట్లో అడిగి చెబుతానన్నాడు. శశికిరణ్ ఒక ఎర్ర వైన్ సీసా తీసి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించాడు. "ఇందులో తడిసిన మట్టి, పాత తోలు, పొగాకు వాసనల నోట్స్ వస్తాయి సార్. ఫినిష్ చాలా లాంగ్, మింగాక కూడా రుచి నిలుస్తుంది." తడిసిన మట్టి, పాత తోలు, పొగాకు నాంపల్లి స్టేషన్ బయట ఏ గాలివానకైనా ఊరికే వస్తాయి. వాటిని సీసాలో పోసి ఇంత డబ్బు తీసుకుంటారని మాత్రం సామ్ సుందర్ గారికి అప్పటిదాకా తెలియదు. ఎలా ఉంటుందని అడగబోయి, ఆ ప్రశ్న మరీ మోటుగా ఉంటుందేమోనని ఊరుకున్నాడు.

ఆయన బ్యాంకు మనిషి. సీసాని చెక్కులా పరిశీలించాడు. తేదీ ఉంది. ముద్ర ఉంది. కింద ఎవరిదో సంతకం కూడా అచ్చేసి ఉంది. శశికిరణ్ ఫోన్లో వైన్ యాప్ తెరిచి చూపిస్తే రేటింగు ఐదుకి నాలుగు పాయింట్ రెండు. ఇంకేం కావాలి? రెండు సీసాలు, మూత తీసే మర పట్టుకుని బయటపడ్డాడు. గుమ్మం దాకా వచ్చి శశికిరణ్ చివరి మాట చెప్పాడు. "గంట ముందే ఓపెన్ చేసి పెట్టండి సార్. వైన్ గాలి పీల్చుకోవాలి."

నాంపల్లిలో మనుషులకే గాలి ఆడదు. అయినా సామ్ సుందర్ గారు చెప్పినట్టే చేశాడు. క్రిస్మస్ రోజు చర్చి నుంచి రాగానే రెండు సీసాల మూతలు తీసి, వంటగట్టు మీద కిటికీ దగ్గర నిలబెట్టాడు. ఇంతలో జార్జి ఫోన్. క్యాబ్ సందులోకి రానంటోందట, మెయిన్ రోడ్డు మీద నిలబడ్డాడట. ఆయన కిందికి దిగి, వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది.

జార్జి తన గ్లాసు తనే తెచ్చుకున్నాడు, పాత దినపత్రికలో చుట్టి. సామ్ సుందర్ గారు లేబుల్ కనిపించేలా పట్టుకుని వైన్ పోశాడు. జార్జి గ్లాసు తిప్పాడు, ముక్కు లోపల పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. బల్ల చుట్టూ ఉన్న పన్నెండు మంది బిర్యానీ ముందు పెట్టుకుని, అతను కళ్ళు తెరిచేదాకా ఆగారు.

ఒక గుటక తాగాడు. ఇంకొకటి తాగాడు.

"బావా, అద్భుతం" అన్నాడు మెల్లగా.

ఫోన్ తీసి లేబుల్‌ని ఫోటో తీశాడు. యాప్ చెప్పింది చదివాడు. "ఎండిన ప్లమ్, లవంగం, పొగాకు... లవంగం! నేను అనుకుంటూనే ఉన్నా, చూడు. వెనక నుంచి లవంగం ఎంత క్లియర్‌గా వస్తోందో. ఇదీ వైన్ అంటే. అక్క చేసే జ్యూస్ తాగి తాగి మన నాలుకలు మొద్దుబారిపోయాయి."

సామ్ సుందర్ గారు తన గ్లాసులోది నోట్లో పోసుకున్నాడు. తడిసిన మట్టి లేదు. పాత తోలు లేదు. తీపి ఉంది, దాల్చినచెక్క ఉంది, లవంగం ఉంది. ఇరవై ఏడు క్రిస్మస్‌లుగా ఆయన నాలుకకు అలవాటైన చేతి లవంగం. ఆయన వంటింటి వైపు చూశాడు. రత్నమణి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి తమ్ముడి మొహమే చూస్తోంది.

చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. అప్పుడే జార్జి, "సరే బావా, లంచ్ ఇక్కడే ఉండనీ. వైన్ ఇలా సెలెక్ట్ చేసేవాడుంటే పార్కింగ్ ఎవరిక్కావాలి?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సామ్ సుందర్ గారు తెరిచిన నోట్లో బిర్యానీ ముద్ద పెట్టుకున్నాడు.

చుట్టాలు చెయ్యి కడుక్కునే వేళ వంటింట్లోకి వెళ్ళి అడిగాడు. "ఏం చేశావు?"

"మీరు కిందికి పోంగనే జర నాలుక మీద ఏస్కొని చూసిన. పుల్లగ, వగరు. ఖరాబు మాల్ అంటగట్టిన్రు మీకు అనుకున్న. జార్జిగాని ముంగట మీ ఇజ్జత్ పోవద్దని రెండు సీసాలు గిన్నెల గుమ్మరించి, చక్కెర, లవంగాలు, చెక్క ఏసి కాగబెట్టిన. సల్లారినంక వడగట్టి మల్ల పోసిన."

ఆయన గట్టు మీది లవంగాల డబ్బా వైపు చూశాడు.

"అద్భుతం అన్నడు గద?" అంది.

"అన్నాడు."

"ఎవల్ని చూసి అన్నడు?"

రత్నమణికి ఆ మధ్యాహ్నం నిజంగానే సంతోషం వేసింది. ఇన్నేళ్ళలో తమ్ముడు తన చేతి వైన్‌ని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెప్పు తనదని చెప్పుకోవడానికి లేకపోయేసరికి ఏడుపు కూడా వచ్చింది. సామ్ సుందర్ గారికి సిగ్గు వేసింది. పండుగ ఇంట్లోనే నిలిచింది, ఇంటావిడ మాత్రం జ్యూస్ చేసే మనిషిగానే మిగిలింది. అయినా ఎక్స్‌పర్టుల తప్పేముంది చెప్పండి? సీసా మీద ఆమె పేరు లేదు కదా!

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ జార్జి అదే దుకాణానికి వెళ్ళి, అదే లేబుల్ చూసుకుని, డిసెంబర్ ముప్ఫై ఒకటికి ఆఫీసువాళ్ళ కోసం పన్నెండు సీసాలు కొన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం సామ్ సుందర్ గారి ఫోన్ మోగింది. ఆయనకు చెవి కొంచెం మందం, ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు.

"బావా, మోసం. అన్నీ డూప్లికేట్. ఒకటి తెరిస్తే చింతపులుసులా ఉంది. రెండోదీ అంతే. లవంగం జాడే లేదు. సాయంత్రం మా డైరెక్టర్ వస్తున్నాడు. నువ్వు వెంటనే ఆబిడ్స్ రా, ఆ షాపువాడి సంగతి తేలుద్దాం."

సామ్ సుందర్ గారి కళ్ళ ముందు, పసిబిడ్డను అందించినట్టు సీసా అందించిన శశికిరణ్ కనిపించాడు. ఎదురుగా రత్నమణి బియ్యం ఏరుతోంది. ఈసారి ఆయన నోట్లో ఏ ముద్దా లేదు.

"జార్జీ, ఆ దుకాణంవాళ్ళ తప్పేం లేదు. ఆ వైన్ అలాగే ఉంటుంది. ఆ రోజు నువ్వు తాగింది మీ అక్క కాచిన వైన్. లవంగాలు ఆవిడే వేసింది. నేను అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు."

అవతల నవ్వు.

"టైమ్ చూసి జోక్ చెయ్యి బావా. నేను క్లాసుకెళ్ళినవాణ్ణి, నాకా మాత్రం తేడా తెలీదా? లేబుల్ నేను స్కాన్ చేశాను కదా. నాలుగు పాయింట్ రెండు. అక్కకి వైన్ గురించి ఏం తెలుసు?"

సామ్ సుందర్ గారు భార్య వైపు చూశాడు. రత్నమణి చేట పక్కన పెట్టి లేచింది. పెద్ద గిన్నె కిందికి దించి, లవంగాల డబ్బా మూత తీసి చూసుకుని, ఫోన్ దగ్గరికి రాకుండానే చెప్పింది.

"పన్నెండు సీసాలు గీడికి తెమ్మనుండ్రి. కాగబెట్టిస్త. లేబుల్లు మాత్రం తడ్వకుంట పైలంగ తెమ్మనుండ్రి. గవి లేకుంటె నా చేతి వైన్ వాడు తాగడు."