మూడు కవర్లు

ఆ ఉదయం తర్జుమా గారి పని ఒక్కటే. కాఫీ తాగి, ఒక మాట ఎంచుకుని, ఉత్తరం పోస్టులో వేయడం. రొట్టెల కార్ఖానాలో పిండి కలిపే యంత్రం రెండు రోజులుగా మూలుగుతోంది. దాన్ని అమ్మిన కంపెనీ పెద్దలకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. కార్ఖానా తరఫున వాళ్ళకు ఉత్తరాలు రాసేది తర్జుమా గారే. కిందటిసారి ‘సెండ్’ అనాలా ‘డిస్పాచ్’ అనాలా అని ఆయన వారం రోజులు నాన్చాడు. “ఈసారీ ఆలస్యమైతే మీరిక ఇంట్లోనే ఉండండి,” అని యజమాని తెగేసి చెప్పాడు.

ఆయన పద్ధతి ఆయనది. ఒక్కో మాటతో ఒక్కో ఉత్తరం పూర్తిగా రాసి, సంతకం కూడా పెట్టి, పక్కపక్కన పరిచి చూస్తే తప్ప మనసు కుదుటపడదు. బల్ల మీద మూడు పరిచాడు.

“రిపేర్ అంటే మరీ పెద్ద జబ్బులా ఉంది. ఫిక్స్ అంటే చనువెక్కువ. మెండ్ అంటే చిరిగిన చొక్కా గుర్తొస్తోంది.”

“నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు మీరు,” అంది భార్య.

“అప్పుడు నువ్వొక్కదానివేగా!”

ఆయన స్నానం చేసి వచ్చేసరికి బల్ల ఖాళీ.

“మూడూ కవర్లలో పెట్టి డబ్బాలో వేసొచ్చా. పీడా వదిలింది.”

తర్జుమా గారు తువ్వాలుతోనే వీధిలోకి పరిగెత్తాడు. పోస్టు డబ్బా నోట్లోకి చెయ్యి దూరింది, బయటికి రాలేదు. పోస్ట్‌మాన్ వచ్చి చెయ్యి విడిపించాడు. ఉత్తరాలు మాత్రం సంచీలో వేసుకుపోయాడు.

నాలుగో రోజు, ఉత్తరానికొకడు చొప్పున, ముగ్గురు మెకానిక్‌లు దిగారు. మొదటివాడు నట్టు బిగించి చేతులు దులుపుకున్నాడు. “నువ్వు బిగిస్తే నేనేం చెయ్యాలి?” అని రెండోవాడు దాన్ని విప్పి మళ్ళీ బిగించాడు. మూడోవాడికి పనే మిగల్లేదు. మెల్లగా యంత్రం కిందికి దూరాడు.

“ఒక్క యంత్రానికి ముగ్గురా! తర్జుమా గారూ, మీకూ మాకూ ఇవాళ్టితో సరి,” అంటూ యజమాని స్విచ్ మీద చెయ్యి వేశాడు.

“వెయ్యకండి!” కింది నుంచి కేక. “ఇరుసు నిలువునా చీలింది. ఇది తిరిగితే ఎవరి చెయ్యో పిండిలో కలుస్తుంది!”

కార్ఖానా అంతా ఊపిరి పీల్చుకుంది. యజమాని చెమట తుడుచుకుని, “మూడు ఉత్తరాలు రాశారు కాబట్టి బతికాం. రేపు పొద్దున్నే పనిలోకి రండి,” అన్నాడు.

తర్జుమా గారి గుండెల మీంచి బండ దిగింది. అయినా ప్రాణం ఊరుకోక మూడోవాణ్ణి పక్కకు పిలిచాడు. “బాబూ, నీ ఉత్తరంలో ఏ మాట చూసి అంత లోతుగా వెతికావు?”

“ఉత్తరం నేను చదవలేదండీ. కింద చల్లగా ఉంటే ఓ కునుకు తీద్దామని పడుకున్నా.”