మంత్రిగారి వీపు

“అంటార్కిటికాలో ఉన్న ప్రతి పెంగ్విన్‌నీ ఈ ప్రభుత్వం సొంత కుటుంబ సభ్యుడిలా చూస్తుంది” అని ధ్రువ గౌరవ శాఖ మంత్రి డాక్టర్ ఆన్సెల్మో బుస్తింగోర్రిగారు దేశానికి దక్షిణపు కొసనున్న ఉషువాయ రేవులో ఓడ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. కుటుంబ సభ్యుల ఇంటికి చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదు గనక, వారం ముందే పత్రికలన్నిటికీ చెప్పి ఉంచారు.

ఆ ఓడలో బూట్ల గది నాది. మంచు దీవుల మీద దిగే ప్రయాణికులకి ఓడవాళ్ళు ఎర్ర కోటూ రబ్బరు బూట్లూ ఇస్తారు. దిగే ముందు ఆ బూట్లు మందునీళ్ళలో కడగడం, తిరిగొచ్చాక మళ్ళీ కడగడం, ఎవరి జేబులోనూ గడ్డిగింజ కూడా లేకుండా వాక్యూమ్ పెట్టి లాగడం పదకొండు సీజన్లుగా నా పని. పెంగ్విన్ల గురించి పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. వాటి రెట్ట గురించి నాకు తెలిసినంత వాళ్ళకి తెలియదు.

మంత్రిగారు ఇంత దూరం రావడానికి ఒక ఫైలు కారణం. సాన్ ఇనోసెన్సియో దీవిలో రెండు లక్షల పెంగ్విన్లున్నాయి. వాటి లెక్క చూసే మిర్తా ఓయార్సున్ వేసవి నాలుగు నెలలూ అక్కడ ఒక చెక్క గుడిసెలో ఉంటుంది. మూడేళ్ళ కిందట గాలికి ఆ గుడిసె పైకప్పు లేచి సముద్రంలో పడింది. అప్పట్నుంచీ మిర్తా గుడిసె లోపలే డేరా వేసుకుని పడుకుంటోంది, దగ్గుతోంది. కొత్త కప్పుకి అన్ని సంతకాలూ అయ్యాయి. ఆఖరిది ఒక్కటే మిగిలింది: మంత్రిగారు స్వయంగా చూసి పెట్టాల్సినది. ఇంకో సీజన్ కప్పు లేకపోతే డాక్టరు తనని పంపడని మిర్తా నాతో చెప్పింది.

ఓడ సముద్రం దాటడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మంత్రిగారు మంచం దిగకుండా, పక్కన బకెట్ పెట్టుకుని, దేశం గురించి ఆలోచించారు. మూడో రోజు పొద్దున బూట్ల గదికి వచ్చారు. వెనక సెక్రటరీ లిసాండ్రో. పొడుగ్గా, సన్నగా, చీపురుకర్రలా ఉంటాడు.

“ఏం చేస్తున్నారమ్మా? మంత్రిగారికి వాక్యూమ్ పెడతారా?” అన్నాడు.

“అందరికీ పెట్టేదే బాబూ. బయటి విత్తనం దీవి మీద పడకూడదు.”

మంత్రిగారు పెద్ద మనసుతో చేతులు పైకెత్తారు. కోటు జేబులోంచి సగం తిన్న బిస్కెట్టూ, ప్యాంటు మడతలోంచి గోల్ఫ్ మైదానం గడ్డీ వచ్చాయి. కిందటి వారమే కరువు జిల్లాల రైతుల మధ్య నడిచొచ్చారని పేపర్లో చదివాను. కరువులో కూడా అంత పచ్చటి గడ్డి పెంచగలిగిన ఆ రైతుల మీద నాకు గౌరవం కలిగింది.

“రూల్స్ చెప్పండి” అన్నారు మంత్రిగారు.

“పెంగ్విన్‌కి అయిదు మీటర్ల దూరంలో ఉండాలండీ. కూర్చోకూడదు. అది ఎదురొస్తే మనం ఆగి దారివ్వాలి.”

“నేను ఆగాలా?”

“అవునండీ.”

“నేను మంత్రినని దానికి చెప్పే ఏర్పాటు లేదా?”

“దానికి చెప్పినా ఆగదండీ. సముద్రానికి పోయి పిల్లలకి తిండి తేవాలి కదా.”

“ఎవరి పార్టీ అది?” అన్నారు. లిసాండ్రో నోట్ చేసుకున్నాడు.

రబ్బరు పడవలో బయల్దేరారు. ఒడ్డు ఇంకా రెండొందల మీటర్లుందనగా గాలి పడవ వైపు తిరిగింది. రెండు లక్షల పెంగ్విన్లు రొయ్యలు తిని, కాపురమున్న చోటే రెట్ట వేస్తే వచ్చే వాసన అది. మొదటిసారి వచ్చిన ఏడాది ఆ వాసనతో ఇంటికి వెళితే మా ఆయన ఎలిసేయో నన్ను నాలుగు రోజులు వసారాలో పడుకోబెట్టాడు. మంత్రిగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పెంగ్విన్ల కుటుంబ జీవితంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని ప్రకటించి, పడవ వెనక్కి తిప్పించారు. అంత సున్నితమైన మనిషిని నేను చూడలేదు.

పది నిమిషాల్లో లిసాండ్రో పరుగున నా గదికొచ్చాడు.

“డోన్యా నెలిదా, ఒక్కసారి అటు తిరగండి.”

తిరిగాను.

“దేవుడున్నాడు!” అన్నాడు. “భుజాలు, నడుము, అన్నీ సరిపోయాయి. మంత్రిగారి కోటు వేసుకోండి, బూట్లు కూడా. పెంగ్విన్ల ముందు నిలబడి భవిష్యత్తు వైపు చూడాలి. ఫొటో వెనకనుంచి తీస్తాం.”

“భవిష్యత్తు ఎటువైపుంది బాబూ?”

“మాకు వీపు కనబడేటట్టు ఎటు చూసినా ఫరవాలేదు.”

అలా నేను దీవి మీద దిగాను. నేను దిగగానే ఒక గుంపు పెంగ్విన్లు వరసగా ఎదురొచ్చాయి. నేను ఆగాను. లిసాండ్రో ఆగాడు. వెంట వచ్చిన కెమెరా మనిషీ ఆగాడు. ఇరవై నిమిషాలు ఆగాం. ఒక ముసలి పెంగ్విన్ మా ముందు నిలబడి, మమ్మల్ని కిందనుంచి పైదాకా చూసి, రెట్ట వేసి వెళ్ళిపోయింది. మిర్తా గుడిసెలోంచి వచ్చి నన్ను చూసి నోరు తెరిచింది.

“నెలీ! నువ్వేమిటి ఇక్కడ? మంత్రి ఏడీ?”

“నేనేనటే” అన్నాను.

లిసాండ్రో గొంతు సవరించుకున్నాడు. “అధికారికంగా ఈ క్షణంలో ఈవిడ మంత్రిగారే.”

మిర్తా తెలివైనది. నా చెయ్యి పట్టుకుని గుడిసెలోకి లాక్కెళ్ళింది. నాలుగు గోడలు, పైన ఆకాశం. మాతే టీ తాగే గిన్నెలో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. తడి సాక్సులు తాడు మీద కర్రముక్కల్లా నిలబడి ఉన్నాయి. లెక్క పుస్తకాలు మాత్రం మూడు సంచుల్లో చుట్టి, తన పరుపు కింద దాచుకుంది.

“చూశారుగా మంత్రిగారూ? ఇదిగో ఫైలు, ఇదిగో పెన్ను” అంది నాతో.

నేను పెన్ను అందుకున్నాను. లిసాండ్రో అడ్డం పడ్డాడు.

“ఆగండాగండి! ఈవిడ వెనకనుంచి మాత్రమే మంత్రి. సంతకం ముందువైపు పని.”

“అయితే ఫైలు ఓడలోకి తీసుకెళ్ళు నెలీ. ఆ ముందువైపు చేత పెట్టించు” అని మిర్తా దగ్గింది.

తర్వాత ఫొటో తీశారు. గుడిసె అందం చెడగొడుతోందని లిసాండ్రో నన్ను ఇటు పక్కకి జరిపి, అది పడకుండా తీయించాడు.

ఓడలో మంత్రిగారు వేడి సూపు తాగుతూ ఫొటో చూసుకున్నారు. “నాలో ఇంత గాంభీర్యం ఉందని నాకే తెలియదు” అన్నారు. నేను ఫైలు ముందు పెట్టాను.

“గుడిసె కప్పు అండీ. మీరు స్వయంగా చూసి సంతకం పెట్టాలట.”

ఆయన ఫొటోని దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు. “లిసాండ్రో, ఇందులో గుడిసె ఏది?”

“లేదండీ.”

“చూడని దానికి చూశానని సంతకం పెట్టమంటారా? నేనా?” అన్నారు బాధగా. పెన్ను తీసి ఫైలు మీద ఇలా రాశారు: ‘స్వయంగా తనిఖీ చేశాను. సదరు స్థలంలో గుడిసె ఏదీ లేదు. లేని గుడిసెకి కప్పు అనే ప్రశ్న తలెత్తదు.’

ఆ సాయంత్రం నా చేత్తోనే మంత్రిగారి బూట్లు కడిగాను. మిగతా వాళ్ళవాటికంటే ఎక్కువసేపు పట్టింది.

వారం తిరక్కుండా ఆ ఫొటో ఫ్లెక్సీ అయి ఉషువాయ రేవు భవనానికి వేలాడింది. రెండంతస్తుల ఎత్తు. కింద ‘కుటుంబంతో మన మంత్రి’ అని రాశారు. ఎలిసేయో రొట్టెకి వెళ్ళొచ్చి సంచి బల్ల మీద పెట్టాడు.

“నెలిదా, రేవు దగ్గర నీ వీపుంది.”

“మంత్రిగారిది.”

“ముప్ఫై ఏళ్ళుగా నాకేసి తిప్పి పడుకుంటున్న వీపు నాకు తెలియదా?”

చలికాలం గాలికి ఒక మూల చిరిగితే ఆ ఫ్లెక్సీని దింపి గోదాములో పడేశారు. సీజన్ మొదలయ్యే ముందు వెళ్ళి అడిగాను.

“మంత్రిగారిని ఏం చేసుకుంటావమ్మా?” అన్నాడు గోదాము కాపలా ముసలాయన.

“ఉతుకుతాను” అన్నాను.

నిజంగానే ఉతికాను. మందునీళ్ళలో నానబెట్టి, వాక్యూమ్ పెట్టి, చిరిగిన మూల కుట్టి, దుప్పట్ల మధ్య మడతపెట్టి మొదటి ఓడలోనే మిర్తాకి చేర్చాను. కప్పు తనే వేసుకుంటానని డాక్టరుతో పోట్లాడి వచ్చింది మిర్తా. ఆ ఫ్లెక్సీని గుడిసె గోడల మీద పరిచి, నాలుగు మూలలా తాళ్ళు బిగించి కట్టుకుంది.

మొన్న ఆదివారం ఎలిసేయో పేపరు తెరిచి బల్ల మీద నా ముందు పరిచాడు. మొదటి పేజీలో దీవి ఫొటో. ఏటా పెంగ్విన్ల లెక్క కోసం విమానంలోంచి తీసేది. వేల వేల నల్ల చుక్కల మధ్య ఎర్ర కోటు. పైన పెద్ద అక్షరాల్లో: ‘ఎవరికీ చెప్పకుండా దీవికి మంత్రి. పెంగ్విన్ల మధ్య నేల మీద బోర్లా పడుకుని సమస్యల పరిశీలన.’

ఎలిసేయో కింది లైను పైకి చదివాడు. “‘ఈ రెండో తనిఖీలో కూడా గుడిసె ఏదీ తమ కంటపడలేదని మంత్రిగారు స్పష్టం చేశారు.’”

కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నాకేసి చూశాడు.

“కారుతోందా?”

“చుక్క కూడా కారడం లేదట” అన్నాను.