మెట్ల కింద గ్యాప్ ఇయర్

డిగ్రీ పూర్తయిన పిల్లలున్న తల్లిదండ్రులారా, మీకో శుభవార్త! మీవాళ్లకి ఏడాది ఖాళీ దొరికితే ఇంట్లో ఊరికే కూర్చోబెట్టకండి. తీసుకెళ్లి ఏదైనా స్కూల్లో ఫుల్‌టైమ్ ట్యూటరుగా పడేయండి. అంతటి అదృష్టం మళ్లీ పట్టదు!

నమ్మరా? మా అక్క కూతుర్ని చూడండి. టీచరు కావాలని ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ ఒకటే పిచ్చి. ట్రైనింగ్ కాలేజీలో చేరేముందు ఒక ఏడాది పిల్లలతో గడుపుతానంటే, మా వీధి చివరి స్కూల్లో నేనే దగ్గరుండి చేర్పించాను. ఏడాది చివర ఆమె చదువు చెప్పిన పిల్లలు పాసైతే కాలేజీకి తానే సిఫార్సు చేస్తానని ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. ఇంకేం కావాలి?

గది ఇవ్వలేదు. పోనీండి, మెట్ల కింద గాలి బాగా ఆడుతుంది! పిల్లలు ఆమెని టీచర్ అనకూడదు, అక్కా అనాలి. ఎంత ఆప్యాయతో చూశారా! ఏ టీచరుకి తలనొప్పి వచ్చినా ఆ క్లాసూ ఈమె నెత్తినే. అదేం చిత్రమో గానీ, మా పిల్ల చేరినప్పట్నుంచీ ఆ స్కూల్లో అందరికీ తలనొప్పులే.

అసలు అందమంతా అక్కడి పద్ధతిలో ఉంది. లెక్కలు రానివాళ్లని క్లాసులోంచి ఏరి మెట్ల కిందికి తోలేస్తారు. మా పిల్ల నానా తంటాలు పడి ఎవడి బుర్రకైనా భిన్నాలు ఎక్కించిందా, మర్నాడే వాణ్ని పైకి లాగేసుకుంటారు. ఘనత లెక్కల మాస్టారిది! ఆయన గైడు చూసి రాసుకోమని చెప్పి ఫోనులో మునిగిపోతారు. వాడు వచ్చిందంతా మరిచిపోయి మళ్లీ కిందికే దొర్లుకుంటూ వస్తాడు. మెట్ల కింద ఎప్పుడు చూసినా రానివాళ్లే. నీ దగ్గర ఒక్కడూ బాగుపడడేమని మాస్టారు మా పిల్లనే నిలదీసేవారు. పెద్దవారు, ఆమాత్రం అడగొద్దూ?

అయినా మా పిల్ల పట్టు వదల్లేదు. పరీక్షల ముందు నెల పైకి లాక్కోవడం ఆగింది; పరీక్షల నాటికి మెట్ల కింది పిల్లలు లెక్కల్ని నమిలి మింగేస్తున్నారు. ఇక సీటు చేతికందినట్టేనని సంబరపడిపోయింది పిచ్చిది.

ఫలితాలొచ్చాయి. మెట్ల కిందివాళ్లందరికీ సున్నాలు. ఒక్కరూ ఒక్క లెక్కా చెయ్యలేదు, తెల్ల కాగితాలిచ్చి వచ్చారు.

ప్రిన్సిపాల్ గారు మర్యాదస్తులు, తిట్టలేదు. "నీకు చదువు చెప్పడం అబ్బలేదమ్మా, ఇంకేదైనా చూసుకో" అన్నారంతే. సిఫార్సు ఊసే ఎత్తలేదు.

మా పిల్ల సంచి సర్దుకుంటుంటే, కళ్లద్దాల పాప ఒకతి పక్కన చేరింది. అందరికంటే ముందు భిన్నాలు పట్టేసిన పిల్ల. అన్నీ వచ్చుగా, ఎందుకు రాయలేదే అని అడిగింది మా పిల్ల.

"రాస్తే పాసైపోతాం కదక్కా. పాసైతే పైకి పంపేస్తారు. అందుకే అందరం అనుకుని మానేశాం. వచ్చే ఏడు కూడా నువ్వే చెబుతావుగా?"

అదండీ సంగతి. చదువు చెప్పడం రాని మా పిల్ల ఇంటికొచ్చేసింది. చెప్పడం వచ్చిన మాస్టారు పైన క్లాసులోనే ఉన్నారు. మీ ఇంట్లో చిన్నవాళ్లు చదివేది ఆయన దగ్గరే కదూ?