నూటికి నూరు శాతం చూసిన మనిషి

మా ఆయన మీద నాకు ఎప్పటినుంచో ఒక ఫిర్యాదు ఉండేది. మనిషికి నిద్ర పట్టదు. గోరువెచ్చని పాలు ఇచ్చాను, అరికాళ్ళకు నూనె రాశాను, పక్కింటావిడ చెప్పిన ఊపిరి కసరత్తు కూడా చేయించాను. అన్నీ ఓడిపోయాయి. అలాంటి మనిషిని కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే గురక పెట్టించిన మహత్తర ఆవిష్కరణ ఒకటుంది.

ఆఫీసువాళ్ళు పంపే ట్రైనింగ్ వీడియో!

నవ్వకండి. దీన్ని తిట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. మా ఇల్లు ఒక్కసారి చూస్తే నోరు మూసుకుంటారు.

మా ఆయన ఒక పెద్ద గోడౌన్‌లో సూపర్‌వైజర్. పూర్వం అక్కడ పని నేర్పాలంటే ఎవరో ఒక పెద్దాయన పక్కన నిలబడి, తను చేసి చూపించి, మన చేత చేయించి, తప్పుచేస్తే తిట్టి, మళ్ళీ చేయించేవాడట. ఎంత అనాగరికం! ఇప్పుడా గొడవ లేదు. పెట్టె ఎలా ఎత్తాలి? వీడియో. ఎత్తిన పెట్టె ఎలా దించాలి? ఇంకో వీడియో. చేతులెలా కడుక్కోవాలి, కుర్చీలో ఎలా కూర్చోవాలి, మెట్లు ఎలా దిగాలి, అన్నిటికీ వీడియోలే. వీడియోలు చూసి చూసి కళ్ళు లాగితే ఏం చేయాలి? దానికీ ఉంది, గంటంపావు వీడియో!

పనివేళల్లో తీరిక ఉండదు కాబట్టి ఇంటికెళ్ళి చూడమన్నారు. మగవాళ్ళు ఆఫీసు పని ఇంటికి తెస్తే అది చివరికి ఎవరి నెత్తికెక్కుతుందో నేను చెప్పాలా?

సాయంత్రం ఆయన భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచేవారు. తెరమీద ఒకమ్మాయి నమస్కారం పెట్టేది. ఆ నమస్కారానికి ఈయన తల వంచేవారు. వంచిన తల మళ్ళీ లేచేది కాదు.

కానీ కంపెనీవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? మధ్యమధ్యలో గంట మోగి, "మీరు చూస్తున్నారా?" అని తెరమీద ఒక ప్రశ్న వస్తుంది. జవాబు నొక్కకపోతే కథ మళ్ళీ మొదటికి! అందుకని వంటింట్లోంచి నేను పరుగెత్తుకొచ్చి, తడిచేతులతో ఎందుకని, మోచేత్తో నొక్కి పోయేదాన్ని. నా వీపు తెరవైపు, మొహం పొయ్యివైపు, చెవులు మాత్రం కంపెనీవైపు.

మా అత్తగారికి చెవులు మందం, చూపు మాత్రం డేగ చూపు. కొడుకు పక్కనే కూర్చుని, బఠాణీలు ఒలుస్తూ, రెప్ప వాల్చకుండా తెరనే చూసేవారు. "ఈ వీడియోలో అబ్బాయి బాగా చిక్కాడే అమ్మాయ్. పెట్టెలెత్తేప్పుడు కాస్త ఒళ్ళుండేది," అని దిగులుపడేవారు.

చివర్లో పరీక్ష. నాలుగు జవాబుల్లో ఏది అన్నిటికన్నా పొడుగ్గా ఉంటే అదే సరైనది. ఈ రహస్యం తెలిశాక నేను ఒక్క పరీక్షా తప్పలేదు.

ఇప్పుడు చెప్పండి. ఒకరు పడుకుని, ఒకరు విని, ఒకరు చూసి, ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క ఉద్యోగం చేయడం మీ తాతల కాలంలో ఉందా?

ఫలితం ఊరికే పోలేదు. కంప్యూటర్లో మా ఆయన పేరు పక్కన నూటికి నూరు శాతం అని ఆకుపచ్చగా వెలిగింది. మేనేజర్ గారు పిలిచి భుజం తట్టారు. "సోమవారం కొత్తవాళ్ళు చేరుతున్నారు. పొద్దున్నే వాళ్ళకు సేఫ్టీ బెల్టు వేసుకోవడం మీరే చూపించండి. మధ్యాహ్నం నుంచి పై అరలెక్కుతారు. ఇక మన ట్రైనింగ్ అంతా మీ చేతుల్లోనే పెడతాను," అన్నారు.

శనివారం సాయంత్రం మా ఆయన ఆ బెల్టు తెచ్చి సోఫా మీద పడేశారు. బెల్టంటే నడుముకు పెట్టుకునేది కాదండోయ్. భుజాలకు పట్టీలు, ఛాతీకి పట్టీ, తొడలకు పట్టీలు, వెనక తాడు తగిలించే ఇనప రింగు. గుర్రం ఎటో పారిపోగా జీను ఒక్కటే ఇల్లు చేరినట్టుంది.

"ఏమోయ్, ఆ వీడియో ఒకసారి పెట్టు."

పెట్టాను. "మీరు దీన్ని విజయవంతంగా పూర్తిచేశారు. మళ్ళీ చూడనవసరం లేదు," అని అభినందించి మూసుకుపోయింది. చూశారా, మనిషి మీద ఎంత నమ్మకమో!

"పోనీ నువ్వు విన్నావుగా, చెప్పు."

"వినకేం? నిద్రలో లేపినా చెబుతాను. ఈ పట్టీని ఇలా పట్టుకుని, అలా తిప్పి, దాని కిందుగా ఇలా పోనిచ్చి, ఇక్కడ బిగించాలి."

"ఇక్కడంటే ఎక్కడ?"

"నాకేం తెలుసండీ? ఆ పిల్ల 'ఇక్కడ' అనే అంది."

"తప్పుకోండర్రా, నేను చూశాగా!" అని మా అత్తగారు రంగంలోకి దిగారు. కొడుక్కి ఎదురుగా నిలబడి, తెరమీద ఏది ఎటు కనిపించిందో అటే లాగారు. అద్దంలో చూసి క్షవరం చేసినట్టు కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. చివరికి వీపున ఉండాల్సిన రింగు బొడ్డు దగ్గరకొచ్చింది. తొడల పట్టీలో ఒకటి మోచేతిని పట్టుకుంది. ఆయన కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డారు.

"ఊపిరాడుతోందిరా?"

"ఆడుతోంది గానీ, కూర్చోలేనమ్మా!"

అత్తగారు రెండడుగులు వెనక్కి వేసి, తన పనితనం చూసుకుని మురిసిపోయారు. అప్పుడు అడిగారు. "ఇంతకీ ఇదెందుకురా?"

"పైనుంచి పడిపోకుండా!" అని ఆయన అరిచారు, ఆవిడకు వినబడాలిగా.

"ఎవరు?"

"కొత్తగా చేరే పిల్లలు!"

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "నువ్వు చూపించినట్టే కట్టుకుని ఎక్కుతారా?"

ఈసారి ఆయన అరవలేదు, తలూపారు.

"అమ్మాయ్, ముందు వీడికి ఇది విప్పు," అన్నారావిడ. ఆ సాయంత్రం ఇంక ఎవరమూ జోకులు వేసుకోలేదు.

సోమవారం సంగతి ఆయన చెప్పగా రాస్తున్నాను. కొత్తవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. మేనేజర్ గారు సెల్‌ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, మా ఆయన చూపించేదాన్ని కొత్త ట్రైనింగ్ వీడియోగా తీసేద్దామని! మా ఆయన బెల్టు చేతిలో పట్టుకుని ముందుకొచ్చారు.

"నాకిది వేసుకోవడం రాదు. ఒక్క వీడియో కూడా నేను చూడలేదు, నిద్రపోయాను. నా మాట నమ్మి ఇవాళ ఎవరూ పైకెక్కొద్దు," అన్నారు.

ఆ చేతుల్లో పెడతానన్న ట్రైనింగ్ గాలికి కొట్టుకుపోయింది. ఉన్న ఉద్యోగమూ పోతుందేమో!

"ఇంత చిన్న విషయం రాదా? ఇలా ఇవ్వండి!" అని మేనేజర్ గారు బెల్టు లాక్కున్నారు. ఒక కాలు దూర్చారు. రెండో కాలికి దారి దొరకలేదు. కుంటుకుంటూ స్తంభం చాటుకు వెళ్ళి ఇంటికి ఫోన్ చేశారు. కంగారులో స్పీకర్ నొక్కుకుపోయింది.

"ఏమే, ఆ బెల్టు వీడియో నువ్వే కదా పెట్టావు? తొడ పట్టీ లోపల్నుంచా, బయట్నుంచా?"

"నాకేం తెలుసండీ, నేను కూర తరుగుతున్నా! మీ అమ్మగారినడగండి, ఆవిడే చూశారు!"

గోడౌనంతా ఘొల్లుమంది.

చూశారా! దేశంలోని అత్తాకోడళ్ళందరికీ భద్రత మీద ఇంత పట్టు వచ్చింది. ఇక ఆ అరలెక్కే పనికి కూడా మమ్మల్నే పిలిస్తే సరిపోయేది. పైకెక్కాల్సినవాళ్ళు తప్ప అందరమూ ట్రైనింగ్ అయ్యాం మరి!

మేనేజర్ గారు స్తంభం చాటునుంచి వచ్చారు. బెల్టు ఇంకా ఒంటికాలికే వేలాడుతోంది. నవ్వులు ఆగేదాకా ఆగి, అందరి ఎదుటా అన్నారట:

"తప్పు నాది. తెరమీద నూరు కనబడితే మీకు పనొచ్చేసిందనుకున్నాను. మనకు మూసుకుపోయినా కొత్తవాళ్ళకింకా ఆ వీడియో తెరుచుకుంటుంది, ఇక్కడే పెట్టండి. ఒక్కో పట్టీ దగ్గరా ఆపండి. అందరికీ సరిగ్గా కట్టుకోవడం వచ్చాకే ముందుకు పోనివ్వండి. మొదట నాతో మొదలుపెట్టండి, నాక్కూడా రాదు."