గోడలో ఆగిన బండి

రోగుల నోళ్ళలో కన్నాలు పూడ్చడం పళ్ళ డాక్టరు వృత్తి. ఇంటికొచ్చాక మాత్రం కన్నాలు తవ్వాలని ఆయనకు చేతులు దురద పెడతాయి.

ముందుగదిలో మంచమంత బల్ల మీద ఆయనొక బొమ్మ రైలుమార్గం కట్టాడు. పళ్ళ అచ్చులకు వాడే ప్లాస్టరుతో కొండలు పోశాడు. నోట్లో పెట్టే బుల్లి అద్దంతో సొరంగాలు పరీక్షించాడు. అగ్గిపుల్లంత దీపస్తంభానికి తుప్పు రంగు పూయడానికి మూడు ఆదివారాలు పట్టింది. కొండమీది బండరాళ్ళు మాత్రం ఎంత చెక్కినా దవడపళ్ళలాగే వచ్చాయి.

భార్య స్టేషను మాస్టరు. పొద్దస్తమానం నిజం బండ్లతో వేగి వచ్చిన మనిషి బొమ్మ బండి వంక చూస్తుందా? చూడదు. ఆయన దిగులంతా అదే. ఒక్కసారి చూసి "బాగుంది" అంటే చాలు, జన్మ ధన్యం. రెండేళ్ళు ఎదురుచూశాడు. ఆవిడ బండి దగ్గరికి రావడం లేదు గనక, బండినే పడకగదిలోకి ఆవిడ దగ్గరికి తోలాలని పథకం వేశాడు.

"గోడకి ఒక్క కన్నం. అరచేతంత. నొప్పి తెలీదు."

"ఎవరికి? మీకా, గోడకా?"

"అబ్బా, చిన్నదేనే!"

"వంటింట్లో మేకు కొడతానన్నప్పుడూ ఇదే మాట. అలమర మొత్తం నేలకి దిగింది. చూడండీ, మీ ముందు నోరు తెరిచినవాళ్ళెవరూ మాట్లాడలేరు. ఆ అలవాటే మిమ్మల్ని చెడగొట్టింది. నేను మాట్లాడగలను. వద్దు."

మర్నాడు ఆవిడ డ్యూటీకి వెళ్ళగానే ఆయన గోడకు డ్రిల్లు పెట్టాడు.

కొలతల్లో వెంట్రుకవాసి తేడా రాలేదు. గోడకు అవతల ఏముందో మాత్రం చూడలేదు. పద్నాలుగేళ్ళుగా పడుకుంటున్న గదే. ఉన్నది ఆవిడ బట్టల బీరువా. దాని వెనక చెక్క కూడా డ్రిల్లు దెబ్బకి గోడతోపాటే ఊడింది.

కన్నానికి ప్లాస్టరు కొండ ఆనించి, పట్టాలు పరిచి బండి వదిలాడు. అది కూతపెట్టి ఠీవిగా సొరంగంలో దూరింది. బయటికి రాలేదు. కర్ర్‌మని ఏదో నమిలిన చప్పుడు. డాక్టరు బుల్లి అద్దం లోపలికి పెట్టి చూశాడు. అంతా తెలుపు. ప్లాస్టరే కాబోలనుకుని పటకారుతో పట్టి లాగాడు. ఇత్తడి గుండీలతో ఒక చొక్కా చెయ్యి బయటికొచ్చింది. గట్టిగా లాగాడు. కొండ రెండుగా చీలింది, గోడ పెచ్చు ఊడింది, చొక్కా భుజందాకా వచ్చి ఆగింది. సాయంత్రందాకా దానితో కుస్తీ పడుతుండగానే వీధి గేటు కిర్రుమంది.

కొండలోంచి చెయ్యి చాపి పిలుస్తున్న తన యూనిఫాంని ఆవిడ చూసింది. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ప్రమాదం ఎన్నింటికి?"

"పదకొండూ నలభైకి."

"లైన్ క్లియర్ ఎవరిచ్చారు?"

"అంటే?"

"ఒంటి లైను మీద బండి వదలాలంటే అవతలి స్టేషన్ని అడగాలి. వాళ్ళు రమ్మంటేనే వదలాలి. మీరు ఎవర్నడిగారు?"

"నన్నే."

"ఇచ్చిందెవరు?"

"నేనే."

"మరి అవతల ఎవరున్నారు?"

డాక్టరు పటకారు కింద పెట్టాడు. "బట్టలు," అన్నాడు.

ఇక బల్లకూ పట్టాలకూ నూకలు చెల్లాయనుకున్నాడు. ఆవిడ లేచి, "కన్నం ఎలాగూ పడింది. అవతలి స్టేషను నాది. నేనొప్పుకోందే బండి కదలకూడదు," అంది.

ఇంత చవగ్గా బయటపడ్డానేమిటని ఆయన మురిసిపోయాడు. బీరువా జరిపాడు, గోడ నున్న చేశాడు, యూనిఫాంలన్నీ ఉతికి ఇస్త్రీ చేశాడు. ఆదివారం కొత్తగా పెట్టిన గంట నొక్కాడు. అవతల్నించి గంట రెండుసార్లు మోగింది. రమ్మని అర్థం. బండి వెళ్ళింది.

పావుగంటైనా తిరిగి రాలేదు.

"చేరిందా?" కన్నంలోకి అరిచాడు.

"చేరింది."

"మరి పంపవేం?"

"పంపాలంటే నేను మిమ్మల్ని అడగాలి. ఇంకా అడగాలనిపించలేదు."

"ఎప్పుడనిపిస్తుంది?"

"ఆలస్యానికి చింతిస్తున్నాం."

డాక్టరు పిచ్చిమొహం వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆ గొంతే మెత్తగా వినిపించింది. "ఏవండీ, ఈ బండి కిటికీలకి తెరలు కూడా కుట్టారా? మీరేనా?"

ఆయన బల్ల మీదికి వంగి కన్నానికి మొహం ఆనించాడు. "చూశావా? బాగున్నాయా?"

"అక్కణ్ణించి అరిస్తే నాకు వినపడదు. చూపిద్దురుగాని, ఇలా రండి."

"ఎలా రాను, కన్నం చిన్నది!"

"గుమ్మంలోంచి."

డాక్టరు లేచాడు. తలకంటిన సున్నం దులుపుకున్నాడు. ముందుగది దాటి, వసారా తిరిగి, పడకగది గుమ్మం చేరడానికి లెక్కపెడితే పదకొండు అడుగులు. గోడ పగలగొట్టకముందు కూడా ఆ గుమ్మం అక్కడే ఉంది.